ఇన్సులేషన్ వేశాకే చెమ్మ పట్టిన చెక్క గోడ: స్టాక్‌పోర్ట్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ కేస్ స్టడీ

ఇల్లు మాంచెస్టర్‌ను ఆనుకుని ఉన్న స్టాక్‌పోర్ట్‌లో. 1930ల నాటి ఇటుక సెమీ, అంటే ఒక పక్క గోడ పక్కింటితో కలిసిన ఇల్లు. వెనక వైపు వంటగదిని పెంచుతూ పాత యజమానులు 1990లలో ఒక ఎక్స్‌టెన్షన్ కట్టించారు. కలప ఫ్రేము, బయట అడ్డంగా బిగించిన షిప్‌ల్యాప్ పలకలు (అంచులు ఒకదాని మీదికి ఒకటి వచ్చే చెక్క పలకలు), పైన చదును కప్పు. ఇప్పుడు అందులో ఉంటున్నది కరీంనగర్ నుంచి వచ్చిన కుటుంబం. వాళ్లకు వంట, భోజనం, పిల్లల హోంవర్కు అన్నీ ఆ గదిలోనే. చలికాలంలో పడమటి గోడ పక్కన కూర్చోలేకపోతున్నామని ఒక బిల్డర్‌తో ఇన్సులేషన్ వేయించారు. మొదటి చలికాలం గది వెచ్చగా ఉంది. రెండో చలికాలం సగానికి వచ్చేసరికి స్కర్టింగ్ వెనక నుంచి ముక్కిన వాసన మొదలైంది. సాకెట్ల చుట్టూ పెయింటు ఉబ్బింది. సోఫా వెనక మూలలో నల్ల బూజు కనిపించింది.

పాత ఇళ్లకు ఇన్సులేషన్ లాంటివి చేర్చే రెట్రోఫిట్ పనులు చూస్తానని తెలిసి నన్ను పిలిచారు. అప్పటికే ఒక డ్యాంప్ ప్రూఫింగ్ సంస్థ వచ్చి, నేల నుంచి చెమ్మ పైకి ఎక్కుతోందని, కింది ఇటుక వరసలకు కెమికల్ ఇంజెక్షన్ కొట్టాలని కొటేషన్ ఇచ్చి వెళ్లింది. ఇంటాయన టెన్షన్ డబ్బు గురించి. వాళ్లమ్మగారు మాత్రం టీ కప్పు నా చేతికిస్తూ అసలు ప్రశ్న అడిగారు: "ఇంతకు ముందు సలి ఉండె గని చెమ్మ లేకుండె బిడ్డా. గిదంత ఎక్కడికెల్లి వచ్చింది?"

ఇన్నేళ్లూ పొడిగా ఉన్న గోడ, చలి తగ్గించాక ఎందుకు తడిసింది? ఈ కేసంతా ఆ ప్రశ్నకు జవాబే.

గోడ విప్పి చూస్తే

సాకెట్ దగ్గర ప్లాస్టర్‌బోర్డు ఒక ముక్క కోసి తీశాం. బయట నుంచి లోపలికి గోడ వరస ఇలా ఉంది: షిప్‌ల్యాప్ పలకలు, వాటి వెనక తారు పట్టించిన పాత షీటింగ్ కాగితం, 12 మి.మీ. ప్లైవుడ్, 95 మి.మీ. లోతు స్టడ్లు (ఫ్రేములోని నిలువు కలప), వాటి మధ్య కొత్తగా పెట్టిన 80 మి.మీ. పీఐఆర్ అనే గట్టి ఫోమ్ బోర్డులు, ప్లాస్టర్‌బోర్డు. పలకల్ని కాగితం మీదే నేరుగా ప్లైవుడ్‌కు మేకులతో బిగించారు. వెనక గాలి ఆడే సందు ఒక్క మిల్లీమీటరు కూడా లేదు. లోపలి వైపు ఆవిరిని ఆపే పొర కూడా లేదు.

ఫోమ్ బోర్డు ముఖాలకు అంటించి ఉన్న రేకు ఆవిరిని బాగానే ఆపుతుంది. కానీ స్టడ్లు పాతవి, వంకరవి. బోర్డులు తిన్నగా కోసి దూర్చారు. పక్కల ఒకచోట వేలు పట్టేంత, ఇంకోచోట పెన్ను పట్టేంత సందులు మిగిలాయి. ఒక్క కీలుకూ టేపు లేదు. గది గాలి సాకెట్ పెట్టె వెనక నుంచి, స్కర్టింగ్ కింద నుంచి లోపలికి దూరి, ఆ సందుల గుండా నేరుగా ప్లైవుడ్‌ను తాకుతోంది. ప్లైవుడ్ లోపలి ముఖం మీద నల్లటి మచ్చలు, మేకుల మొనల చుట్టూ తుప్పు. అక్కడ తేమ మీటరు సూదులు గుచ్చితే 24 నుంచి 28 శాతం. కలపలో తేమ 20 శాతం దాటి చాలాకాలం ఉంటే కుళ్లు తెచ్చే శిలీంధ్రాలకు అనువుగా మారుతుంది. ప్లైవుడ్‌లో జిగురు వల్ల మీటరు అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఒక్క రీడింగ్‌ను పట్టుకుని నేను తీర్పు చెప్పను. గోడ మొత్తం మీద అంకెలు ఎక్కడ పెరుగుతున్నాయి, ఎక్కడ తగ్గుతున్నాయి అన్నదే చూస్తాను.

ఇక్కడ పై భాగంలోనూ సాకెట్ల చుట్టూనూ రీడింగ్‌లు ఎక్కువ. గోడ మధ్యలో తక్కువ. కిందికొచ్చేసరికి ఒక్క మూలలో మాత్రం మళ్లీ ఎక్కువ. నేల చెమ్మ అయితే కింద ఎక్కువగా ఉండి పైకి పోయేకొద్దీ తగ్గాలి. వాన కారుతుంటే కిటికీ మూలల కింద, పలకల కీళ్ల దగ్గర మరకలు పడాలి. పైన ఎక్కువ తడి అంటే వెచ్చటి గాలి పైకి లేచి అక్కడి సందుల్లోంచి బయటికి తోసుకుంటోందని అర్థం. కెమికల్ ఇంజెక్షన్ కొటేషన్‌ను పక్కన పెట్టమని అక్కడే చెప్పాను.

అలాగని నీళ్లన్నీ ఇంటి ఆవిరివే అనలేం. కింది మూల కథ వేరు. ఎవరో తర్వాత వేసిన ప్యాటియో రాళ్లు చివరి పలకకు 40 మి.మీ. దూరం దాకా వచ్చేశాయి. సాధారణంగా నేలకూ పలకకూ మధ్య 150 మి.మీ. ఉండాలి. వాన చుక్క రాయి మీద పడి ఎగిరి పలకను తడుపుతోంది. వెనక గాలి లేదు కాబట్టి ఆ తడి ఆరదు. ఆ మూలలో అడుగు కలప ఒక మూర పొడవున స్క్రూడ్రైవర్ దిగేంత మెత్తబడింది.

చలిగా ఉన్నప్పుడు పొడిగా ఎందుకుంది

వంటగది గాలి 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు గరిష్ఠంగా 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. తేమ 60 శాతం ఉందంటే అందులో సుమారు 10 గ్రాములు ఉన్నట్టు. ఆ గాలి 12 డిగ్రీలకు చల్లబడితే అక్కడి నుంచి నీరు విడుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా చుట్టూ చుక్కలు పట్టినట్టు, 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ ముఖం తగిలినా దాని మీద తడి చేరుతుంది.

పాత గోడలో పల్చటి గాజు ఉన్ని ఉండేది. అది ఎప్పుడో జారి కింద కుప్ప పడింది. బయట 3 డిగ్రీలు, లోపల 20 ఉన్నప్పుడు ఉన్ని లేని చోట ప్లైవుడ్ లోపలి ముఖం 10 డిగ్రీల దాకా ఉండేదని లెక్క తేలింది. ఇంటి వేడి వృథాగా పోతూనే ప్లైవుడ్‌ను ఆరబెట్టేది. కాస్త తడి పట్టినా నిలిచేది కాదు.

80 మి.మీ. ఫోమ్ పెట్టాక అదే ప్లైవుడ్ 4 డిగ్రీల దగ్గరకు పడిపోయింది. ఆ చలిలో గాలి ఘనపు మీటరుకు 6 గ్రాముల చిల్లర ఆవిరినే పట్టుకోగలదు. అంటే సందుల్లోంచి దూరిన ప్రతి ఘనపు మీటరు గాలీ మూడు గ్రాములకు పైగా నీటిని ప్లైవుడ్ మీద వదిలి పోగలదు. రాత్రీ పగలూ, నవంబరు నుంచి మార్చి దాకా. ఇన్సులేషన్ తన పని తాను సరిగ్గా చేసింది, వేడిని ఇంట్లోనే ఆపింది. అలా ఆపినందుకే దాని వెనకున్న కలప చల్లబడింది. చల్లబడిన కలప దగ్గరికి గది గాలిని పోనివ్వడం అసలు లోపం.

ఆవిరి గోడలోకి రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి, పొరల గుండా మెల్లగా ఇంకడం. రెండోది, సందుల్లోంచి గాలితో పాటు పోవడం. రెండో దారిలో పోయే నీటి ముందు మొదటిది చాలా చిన్నది. చాలామంది బిల్డర్లు మొదటిదానికి షీటు వేసి, రెండోదాన్ని తెరిచే ఉంచుతారు. రంధ్రాలున్న వేపర్ బారియర్ (ఆవిరిని ఆపే పొర) వేసి పని అయిపోయిందనుకోవడం ఈ దేశంలో నాకు తరచూ కనిపించే విషయం.

ఇంట్లో ఆవిరి

గోడ గురించి ఎంత మాట్లాడినా ఇంట్లో పుట్టే నీటి లెక్క చూడకపోతే పని సగమే. గదిలో తేమను నమోదు చేసే లాగర్ పెట్టి చూస్తే సాయంత్రాలు తేమ 70 శాతం దాటుతోంది. 21 డిగ్రీల దగ్గర 70 శాతం అంటే 15 డిగ్రీల ముఖం మీద కూడా నీరు పడుతుంది. కారణాలు మన ఇళ్లలో అందరికీ తెలిసినవే. పొద్దున ఇడ్లీ ఆవిరి, రెండు పూటలా అన్నం, పప్పు కుక్కర్ విజిల్స్, బయట వాన కాబట్టి రేడియేటర్ పక్కన స్టాండు మీద ఆరే బట్టలు. ఒక్క వాషింగ్ మెషీన్ లోడు ఆరేసరికి రెండు లీటర్ల దాకా నీరు గాలిలో కలుస్తుంది. చలికాలం అమ్మానాన్నలు కూడా ఇండియా నుంచి వచ్చి ఉంటే ఇల్లు మరింత నిండుగా ఉంటుంది.

పొయ్యి మీద చిమ్నీ ఉంది. కానీ అది గాలిని బొగ్గు ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్లీ గదిలోకే వదిలే రకం. పోపు వాసన కొంత తగ్గుతుంది తప్ప ఆవిరి ఒక్క గ్రాము కూడా బయటికి పోదు. కిటికీ పైన గాలి ఆడేందుకు ఉంచే సన్నటి సందులు, ట్రికిల్ వెంట్లు, వాటిలోంచి చలి వస్తోందని సెల్లోటేపు అంటించేశారు.

అందుకని గోడ ముట్టుకోకముందే చిమ్నీ మార్పించాను. బయటికి గొట్టం వేసి, పొయ్యి మీదే సెకనుకు 30 లీటర్లు లాగేది పెట్టాం. ఇంగ్లండ్ భవన నిబంధనల్లో వెంటిలేషన్‌కు సంబంధించిన పార్ట్ ఎఫ్ అడిగేది కూడా అంతే. పొయ్యి పక్కన కాకుండా గోడకు ఫ్యాన్ పెడితే 60 లీటర్లు కావాలి. ట్రికిల్ వెంట్ల టేపు పీకేశాం. బట్టలు బాత్రూంలో ఆరేసి తలుపు మూసి ఫ్యాన్ ఆన్‌లో ఉంచమన్నాను. ఇడ్లీలు మానమని ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. ఇల్లు మన వంటకు తగ్గట్టు ఉండాలి గానీ ఇంటి కోసం వంట మార్చుకునే గతి పట్టకూడదు.

బయట పని

పలకలు విప్పే పని ఎండాకాలానికి వాయిదా వేశాం. తడి కలపను మూసిపెట్టి పైన ఎంత మంచి పొర వేసినా ఆ తడి లోపలే ఉండిపోతుంది. పలకలు తీసి, మెత్తబడిన అడుగు కలపనూ ఆ మూల ప్లైవుడ్‌నూ కోసి కొత్తవి వేసి, మిగతా ఫ్రేమును ప్లాస్టిక్ పట్టా చాటున గాలికి వదిలేశాం. మీటరు 18 శాతం కిందికి దిగేదాకా ఎవరినీ ఇన్సులేషన్ తేనివ్వలేదు. కాంట్రాక్టర్‌కు ఇది నచ్చలేదు, మధ్యలో వేరే పని పట్టుకోవాల్సి వచ్చింది. అయినా ఆ ఆలస్యం తప్పదు.

పలకలు ఎలాగూ తీశాం కదా, ఇన్సులేషన్ బయటే పెట్టొచ్చుగా అని ఇంటాయన అడిగారు. చాలా మంచి ప్రశ్న. ప్లైవుడ్ బయట చెక్క పీచుతో చేసిన వుడ్ ఫైబర్ బోర్డు పెడితే ప్లైవుడ్ వెచ్చటి వైపుకు వచ్చేస్తుంది, నీరు పట్టే ప్రమాదం బాగా తగ్గుతుంది. వీలున్న ప్రతిచోటా నేను ముందు చూసేది ఆ దారినే. ఇక్కడ కప్పు అంచు గోడ మీదికి చాలా కొద్దిగానే వచ్చి ఉంది. బ్యాటెన్ (పలకల వెనక కొట్టే సన్న చెక్క పట్టీ), పలక కలిపి 45 మి.మీ. దాకా అయితే ఆ అంచు సరిపోతుంది. ఇంకో 60 పెరిగితే వాన నీరు పలకల వెనక్కి పడుతుంది. కప్పు మార్చడానికి ఇప్పుడు బడ్జెట్ లేదు. అందుకే లోపలి దారి పట్టాం.

బయట ప్లైవుడ్ మీద బ్రీదర్ మెంబ్రేన్ వేశాం. వాన నీటిని ఆపి, లోపలి ఆవిరిని బయటికి వదిలే రకం. పై షీటు కింది షీటు మీదికి వచ్చేలా వేసి, అడుగున నీటిని బయటికి నెట్టే ఫ్లాషింగ్ మీదికి దించాం. దాని మీద స్టడ్ల వరసలోనే నిలువుగా 25 మి.మీ. బ్యాటెన్లు. పలకలు అడ్డంగా ఉన్నాయి కాబట్టి నిలువు బ్యాటెన్లు సరిపోతాయి. పలకలు నిలువుగా ఉంటే అడ్డ బ్యాటెన్లు నీటికి, గాలికి అడ్డం పడతాయి, అప్పుడు రెండు వరసలు కావాలి. కింద, పైన సందు తెరిచి ఉంచి పురుగు జాలీ బిగించాం. కిటికీ పైన కూడా గాలి పోయే దారి వదిలి ఫ్లాషింగ్ వేశాం. కొత్త పలకలు లార్చ్. లార్చ్, సీడార్‌లకు స్టెయిన్‌లెస్ స్టీలు మేకులే వాడాలి. మామూలు మేకులైతే కలపలోని ఆమ్లాలకు తుప్పు పట్టి నల్లగా కారతాయి.

ప్యాటియో రాళ్లను గోడ పొడవునా కోసి తీసి, నేల దించి గులకరాళ్ల పట్టీ వేశాం. పలక కింద ఇప్పుడు 150 మి.మీ. ఉంది. వాన చుక్క రాళ్ల మధ్యకు పోతుంది, ఎగరదు.

ఇక్కడో జాగ్రత్త. పక్కింటి సరిహద్దుకు 1 మీటరు లోపల ఉన్న గోడకు చెక్క పలకలు వేసేముందు మంటల నిబంధనలు తప్పక చూసుకోవాలి. ఈ గోడ తోట వైపు, దూరంగా ఉంది. నిబంధనలు అమలు చూసే బిల్డింగ్ కంట్రోల్‌కు మాత్రం ముందే తెలియజేశాం. ఒక గోడలో సగానికి పైగా విప్పి పునరుద్ధరిస్తే అది వాళ్లకు చెప్పాల్సిన పనే, యూ-వాల్యూ (గోడ గుండా వేడి ఎంత పోతుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 0.30కి తేవాలి కూడా.

లోపలి పొరలు

పీఐఆర్ మిల్లీమీటరుకు మిల్లీమీటరు ఎక్కువ వేడి ఆపుతుంది, నిజమే. కానీ వంకర స్టడ్ల మధ్య గట్టి బోర్డు ఎప్పుడూ సందులు వదులుతుంది. అందుకే 90 మి.మీ. రాతి ఉన్ని బ్యాట్లు కొంచెం వెడల్పుగా కోసి బిగుతుగా నింపాం. స్టడ్ల మీదుగా లోపలి వైపు 40 మి.మీ. వుడ్ ఫైబర్ బోర్డు. స్టడ్ల గుండా పోయే చలిని కూడా అది అడ్డుకుంటుంది. స్టడ్లను లెక్కలో కలుపుకుంటే యూ-వాల్యూ 0.29 దగ్గర వచ్చింది. కలపను వదిలేసి ఉన్ని మందంతో మాత్రమే లెక్క కడితే కాగితం మీద ఇంకా అందమైన అంకె వస్తుంది, గోడలో రాదు.

వుడ్ ఫైబర్ మీద, గది వైపు, తేమను బట్టి మారే వేపర్ కంట్రోల్ మెంబ్రేన్. చలికాలంలో ఇది ఆవిరిని బాగా ఆపుతుంది. చుట్టూ తేమ పెరిగినప్పుడు మాత్రం తెరుచుకుని గోడను గది వైపుకు కూడా ఆరనిస్తుంది. మామూలు పాలిథీన్ షీటు చవక కదా అన్నారు. ఇది పడమటి గోడ. వాన కురిసి వెలిశాక సాయంత్రం ఎండ తగిలితే తడి పలకల వేడి ఆవిరిని లోపలికి నెడుతుంది. పాలిథీన్ ఉంటే అది దాని వెనక నిలిచిపోతుంది. పైగా మన ప్లైవుడ్ ఆవిరిని అంత తేలికగా వదిలే వస్తువు కాదు. లోపలి పొర ఆవిరికి ఇచ్చే అడ్డు, బయటి షీటింగ్ ఇచ్చే అడ్డుకు కనీసం 5 రెట్లు ఉండాలన్నది ఇక్కడ పనివాళ్లు పాటించే మోటు సూత్రం. చలికాలపు లెక్కలో ఈ మెంబ్రేన్ దాన్ని సులువుగా దాటుతుంది.

అసలు శ్రమంతా టేపులో ఉంది. మెంబ్రేన్ కీళ్లు, నేల స్లాబుతో కలిసే చోటు, కిటికీ ఫ్రేము, పైన సీలింగు, పాత ఇటుక గోడతో కలిసే మూల. ఇటుక ముఖం గరుకు, టేపు పట్టదు. అక్కడ సన్నగా ప్లాస్టర్ పూసి, ఆరాక ప్రైమర్ కొట్టి, అప్పుడు టేపు వేశాం. మెంబ్రేన్ మీద 25 మి.మీ. బ్యాటెన్లు కొట్టి, ఆ సందులోనే కరెంటు తీగలు, సాకెట్ పెట్టెలు పెట్టించాను. ఎలక్ట్రీషియన్ మెంబ్రేన్‌కు ఒక్క చిల్లు కూడా పెట్టాల్సిన అవసరం రాలేదు. గది వెడల్పులో 65 మి.మీ. పోయింది, సోఫా కొంచెం జరపాల్సి వచ్చింది.

ప్లాస్టర్‌బోర్డు మూసేముందు తలుపులో ఫ్యాన్ బిగించి గదిలోంచి గాలి బయటికి లాగుతూ, అగరుబత్తి పట్టుకుని ప్రతి కీలు వెంట నడిచాను. పొగ నిటారుగా లేస్తే అక్కడ బాగున్నట్టు. గదిలోకి వంగి చెదిరిన చోటల్లా గాలి దూరుతున్నట్టు. కిటికీ కింది మూల ఒకటి, సీలింగు దగ్గర ఇంకొకటి దొరికాయి. రెండూ మళ్లీ టేపు వేయించాం. ఈ పరీక్ష ప్లాస్టర్‌బోర్డు మూశాక చేస్తే లోపం దొరుకుతుంది గానీ చెయ్యి పెట్టి సరిచేయలేం.

లెక్కల గురించి ఒక మాట. గోడలో నీరు ఎక్కడ పడుతుందో చూపే పాత గ్లేసర్ పద్ధతి ఇంకా చాలామంది వాడతారు. అది నెలవారీ సగటు వాతావరణంతో, పొరల గుండా ఇంకే ఆవిరినే చూస్తుంది. వానను గానీ సందుల గాలిని గానీ చూడదు. ఈ గోడకు గంట గంట వాతావరణంతో, వానను కూడా కలుపుకుని లెక్క వేసే వుఫీ అనే సాఫ్ట్‌వేర్‌లో చూశాం. భవనాల్లో తేమ గురించిన బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5250 కొత్త రూపం 2021లో వచ్చింది. అది కూడా గోడ ఒక్కదాన్నే కాకుండా వెంటిలేషన్, వాడకం, వాతావరణం అన్నీ కలిపి చూడమంటుంది. అయితే ఏ సాఫ్ట్‌వేరూ మీ స్కర్టింగ్ కింది సందును కనిపెట్టలేదు.

ఇండియాలో ఇల్లు కట్టుకునేవారికి

ఈ పని ఫొటోలు చూసి విశాఖలో కొండ మీద చెక్క గది కట్టుకుంటున్న ఒకరు ఇదే వరస తమకు పనికొస్తుందా అని అడిగారు. పనికిరాదు. అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం బయటి గాలి వేడిగా, తేమగా ఉంటుంది, లోపల ఏసీ చల్లగా ఉంటుంది. ఆవిరి బయట నుంచి లోపలికి నడుస్తుంది. లోపలి వైపు గట్టి వేపర్ బారియర్ వేస్తే దాని వెనక ముఖం మీదే నీరు పట్టి జిప్సం బోర్డు నల్లబడుతుంది. అక్కడ ఆవిరిని ఆపాల్సింది బయటి వైపు, ఆరనివ్వాల్సింది లోపలి వైపు. పలకల వెనక గాలి సందు, నేలకు దూరం, గాలి చొరబడని కీళ్లు మాత్రం రెండు చోట్లా కావాలి.

తర్వాతి చలికాలం

మూసేముందు ప్లైవుడ్‌లో పై భాగాన, సాకెట్ వెనక, కింది మూలలో స్టెయిన్‌లెస్ స్క్రూలు గుచ్చి వాటి తీగలను ఒక ఖాళీ స్విచ్ పెట్టెలోకి తెచ్చి పెట్టాం. మీటరు అక్కడ ఆనిస్తే గోడ విప్పకుండానే రీడింగ్ వస్తుంది. మరుసటి ఫిబ్రవరిలో 14 నుంచి 17 శాతం మధ్య ఉన్నాయి. కింది మూల పైదాని కంటే ఎప్పుడూ కొంచెం ఎక్కువ చూపిస్తోంది, అది పడమటి వాన ప్రభావం. గదిలో తేమ వంట సమయాల్లో ఎక్కి, గంటలోపు 55 దగ్గరికి దిగుతోంది. ఇంటాయన ఇప్పుడు తనే నెలకోసారి రీడింగ్ తీసి నాకు వాట్సాప్‌లో పంపిస్తున్నారు.

మిగిలిపోయింది చదును కప్పు. దానిలో కూడా పాత ఉన్నే ఉంది, లోపల ఆవిరి పొర లేదు. సీలింగు లైట్ల గుంటల చుట్టూ ఫైర్ రేటెడ్ హుడ్లు పెట్టి సీలు చేయించి ప్రస్తుతానికి గాలిని ఆపాం. కప్పు మీద నీటిని ఆపే ఫెల్టు పొరకు ఇంకా కొన్నేళ్ల ఆయుష్షు ఉంది. అది మార్చేటప్పుడు ఇన్సులేషన్ మొత్తం డెక్ (కప్పు పలకలు) మీదికి, ఫెల్టు కిందికి పోవాలని, అప్పటిదాకా కప్పులో కొత్త ఉన్ని ఎవరూ కుక్కకూడదని వాళ్ల ఇంటి ఫైల్లో రాసి పెట్టాను. అంచు కూడా అప్పుడే 60 మి.మీ. పెంచితే, గోడకు బయట ఇంకో పొర వేసే వీలు కూడా వస్తుంది.